ఊడిన పన్నుకు గంటే గడువు: ఆటస్థలంలో మౌత్‌గార్డు అవసరం

అండమాన్ నికోబార్ దీవుల్లో పొద్దు త్వరగా వాలుతుంది. దేశమంతటికీ వర్తించే ప్రామాణిక కాలమే ఇక్కడా అమల్లో ఉన్నందున, డిసెంబరులో సాయంత్రం ఐదు గంటల ప్రాంతంలోనే సూర్యుడు అస్తమిస్తాడు. బడి ముగిశాక ఆటకు మిగిలే వెలుగు కొద్దిపాటిదే. రాజధాని శ్రీ విజయపురంలో, విమానాశ్రయం పరిసరాల్లోని లంబాలైన్ వంటి పేటల్లో పిల్లలకైనా, యువకులకైనా ఆడుకోవడానికి దొరికేది ఆ కాస్త సమయమే. ఆటలో మోకాలు గీసుకుపోవడం, మడమ బెణకడం మామూలే. అవి కొద్ది రోజుల్లో మానిపోతాయి. ముందరి పన్ను విరిగితే మాత్రం దానంతట అది మానదు.

2011 జనగణన ప్రకారం ఈ దీవుల జనాభాలో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు వీరిలో ఎన్నో ఉన్నాయి. ఈ ఇళ్లలోని పిల్లలకు కబడ్డీ, ఫుట్‌బాల్, క్రికెట్ నిత్య పరిచితాలు. ఫుట్‌బాల్ ఆడేవారు కాలికి రక్షణ పట్టీలు కట్టుకుంటారు. క్రికెట్ ఆడేవారు ప్యాడ్లు, శిరస్త్రాణం ధరిస్తారు. నోటికి కూడా అటువంటి రక్షణ ఒకటి ఉందనీ, అది ఖరీదైనదేమీ కాదనీ తెలిసిన తల్లిదండ్రులు తక్కువ. ఆ రక్షణ పేరే మౌత్‌గార్డు. దంత కవచం అని కూడా దీన్ని వ్యవహరించవచ్చు.

ముందరి పళ్లకే ముప్పు ఎక్కువ

పంటిపై ఉండే తెల్లని పొర ఎనామిల్. మానవ శరీరంలో దానికంటే గట్టి పదార్థం మరొకటి లేదు. అయితే అందులో సజీవ కణాలు ఉండవు. విరిగిన ఎముక అతుక్కుంటుంది, తెగిన చర్మం పూడుకుంటుంది, విరిగిన ఎనామిల్ మాత్రం తిరిగి పెరగదు. ఎనామిల్ కింద డెంటిన్ అనే పొర, దాని లోపల నరాలు, రక్తనాళాలతో కూడిన గుజ్జు ఉంటాయి. దెబ్బ గుజ్జు వరకూ చేరితే పన్ను లోపలే నిర్జీవమయ్యే ప్రమాదం ఉంది. పైకి బాగానే కనిపించిన పన్ను కొన్ని నెలల తరవాత నల్లబడడానికి కారణం ఇదే.

దెబ్బ తగిలినప్పుడు ఎక్కువగా గాయపడేవి పై దవడలోని రెండు ముందరి పళ్లు. ముఖంలో అవి ముందుకు ఉండడమే ఇందుకు కారణం. పళ్లు ఎత్తుగా ఉన్నవారికి, పై పెదవి వాటిని పూర్తిగా కప్పనివారికి ముప్పు మరింత ఎక్కువ. ఈ శాశ్వత దంతాలు సాధారణంగా ఏడెనిమిదేళ్ల వయసులో వస్తాయి. పిల్లలు బడి ఆటల్లో చురుకుగా పాల్గొనడం మొదలయ్యేదీ అప్పుడే. పన్ను బయటకు వచ్చినా, దాని వేరు పూర్తిగా ఎదగడానికి మరో రెండు మూడేళ్లు పడుతుంది.

పిల్లల విషయంలో ఇంకొక చిక్కు ఉంది. పెద్దవారికి పోయిన పన్ను స్థానంలో దవడ ఎముకలో లోహపు వేరు అమర్చి కృత్రిమ దంతం కట్టవచ్చు. ఎదిగే వయసులో ఉన్నవారికి ఆ చికిత్స చేయరు. దవడ ఎదుగుదల పూర్తయ్యే వరకు, అంటే దాదాపు యుక్తవయసు వచ్చే వరకు ఆగవలసిందే. పన్నెండేళ్ల వయసులో ముందరి పన్ను పోగొట్టుకున్న పిల్లవాడు అంతకాలం తాత్కాలిక ఏర్పాట్లతో గడపాలి. నమలడంలో, మాట స్పష్టతలో, నలుగురిలో నవ్వడంలో ఆ లోటు వెంటాడుతూనే ఉంటుంది.

కవచం చేసే పని

మౌత్‌గార్డు పై పళ్లవరుసకు తొడిగే మెత్తని అచ్చు. దీన్ని ఎక్కువగా ఇథిలీన్ వినైల్ ఎసిటేట్ అనే ప్లాస్టిక్‌తో తయారు చేస్తారు. చెప్పుల అడుగుభాగాల్లో, క్రీడా బూట్లలో వాడేదీ ఈ జాతి పదార్థమే. నొక్కితే అణిగి, వదిలితే యథాస్థితికి రావడం దీని గుణం.

ఈ కవచం వల్ల ప్రయోజనాలు నాలుగు. మొదటిది, ఒక పంటిపై పడే దెబ్బ బలాన్ని తాను కొంత గ్రహించి, మిగిలిన దాన్ని అనేక పళ్ల మీదికి విస్తరింపజేస్తుంది. రెండవది, గడ్డం కింద దెబ్బ తగిలినప్పుడు కింది పళ్లు పై పళ్లను బలంగా ఢీకొనకుండా మధ్యలో మెత్తగా అడ్డుపడుతుంది. మూడవది, పెదవులు, బుగ్గలు తమ పళ్ల అంచులకే తగిలి తెగకుండా కాపాడుతుంది. నాలుగవది, పళ్ల మధ్య ఖాళీలు ఉన్నచోట వాటికి ఆసరాగా నిలుస్తుంది.

రాత్రి నిద్రలో పళ్లు కొరికేవారికి దంతవైద్యులు ఇచ్చే తొడుగు వేరు, క్రీడాకారుల మౌత్‌గార్డు వేరు. మొదటిది పళ్ల అరుగుదలను నివారించడానికి, రెండవది దెబ్బను తట్టుకోవడానికి. ఒకదాని బదులు మరొకటి వాడితే ఆశించిన రక్షణ లభించదు.

బాక్సింగ్ బరి నుంచి మైదానానికి

ఈ కవచం బాక్సింగ్ బరిలోనే పుట్టింది. లండన్‌కు చెందిన దంతవైద్యుడు వూల్ఫ్ క్రాస్ 1890లో గట్టాపెర్చా అనే చెట్టుపాల పదార్థపు పట్టీలను బాక్సర్ల పై పళ్లకు అమర్చి, పెదవులు తెగకుండా చూశాడు. అయితే దాన్ని నిబంధనలు అంగీకరించడానికి చాలాకాలం పట్టింది. 1927లో జాక్ షార్కీతో తలపడిన మైక్ మెక్‌టీగ్ పన్ను విరిగి, ఆ ముక్క పెదవిని చీల్చడంతో పోరును వదులుకోవలసి వచ్చింది. ఆ తరవాతనే బాక్సింగ్‌లో మౌత్‌గార్డుకు ఆమోదం విస్తరించింది. అమెరికాలో 1962 నుంచి ఉన్నత పాఠశాలల ఫుట్‌బాల్ క్రీడాకారులకు దీన్ని తప్పనిసరి చేశారు.

తెలుగువారికి ఈ కవచాన్ని ఎక్కువగా చూపించినదీ బాక్సింగే. నిజామాబాద్‌కు చెందిన నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లోనూ, 2023లో న్యూఢిల్లీలోనూ ప్రపంచ విజేతగా నిలిచారు. అదే నగరానికి చెందిన మహమ్మద్ హుస్సాముద్దీన్ 2023 ప్రపంచ పోటీల్లో కాంస్య పతకం సాధించారు. వారి పోరాటాలను తెరపై చూసినవారికి, విరామ సమయంలో సహాయకుడు బాక్సర్ నోటి నుంచి కవచాన్ని తీసి, కడిగి, మళ్లీ తొడగడం పరిచితమైన దృశ్యమే. అంతర్జాతీయ అమెచ్యూర్ బాక్సింగ్‌లో మౌత్‌గార్డు లేనిదే బరిలోకి అనుమతి లేదు. ఎరుపు రంగు కవచాన్ని కూడా అనుమతించరు. నోటి నుంచి కారుతున్నది రక్తమా, కాదా అన్నది రిఫరీకి వెంటనే తెలియాలన్నదే ఆ నిబంధన వెనుక ఉన్న ఆలోచన.

బాక్సింగ్‌లో ఇంత కచ్చితంగా ఉన్న నియమం మిగతా ఆటల్లో సడలిపోతుంది. అంతర్జాతీయ హాకీ సమాఖ్య నిబంధనలు నోటి రక్షణను సిఫారసు చేస్తాయే గానీ తప్పనిసరి చేయవు. ఫుట్‌బాల్ నియమావళి కాలి ముందెముకకు రక్షణ పట్టీని తప్పనిసరి చేసింది, పళ్ల విషయంలో అటువంటి నిర్బంధం లేదు. కబడ్డీలో రైడర్‌ను పట్టే క్రమంలో ఒకరి మోకాలు, మోచేయి, తల మరొకరి ముఖానికి తగలడం అరుదు కాదు. బాస్కెట్‌బాల్‌లోనూ ఎగిరి బంతిని అందుకునే చోట మోచేతి దెబ్బలు తగులుతాయి. సైకిల్, స్కేటింగ్ వంటి వాటిలో ప్రత్యర్థి ఉండడు గానీ, ముఖం నేలకు తగిలే ప్రమాదం ఉంది. దెబ్బ తగిలే అవకాశం ఉన్న ప్రతి ఆటలోనూ ఈ కవచానికి చోటుంది.

పోటీ రోజున మాత్రమే ధరించి, సాధనలో పక్కన పెట్టడం మరో సాధారణ పొరపాటు. ఏడాదిలో పోటీలు ఆడే రోజులు కొన్నే. సాధన చేసే రోజులు అంతకు ఎన్నో రెట్లు. దెబ్బకు ఆ రెండింటి తేడా తెలియదు.

మూడు రకాలు, మూడు స్థాయుల రక్షణ

మార్కెట్‌లో లభించే మౌత్‌గార్డులు ప్రధానంగా మూడు రకాలు. మొదటిది ముందే ఒక కొలతలో తయారుచేసి అమ్మేది. ఇది చవక. కానీ నోటికి సరిగా కుదరదు. జారిపోకుండా ఉండాలంటే పళ్లు బిగించి ఉంచాలి. దానివల్ల మాట్లాడటం, ఊపిరి పీల్చడం కష్టమవుతుంది. రక్షణ కూడా తక్కువే.

రెండవది వేడినీటిలో మెత్తబరచి, కొరికి, నోటి ఆకృతికి సరిదిద్దుకునేది. క్రీడా వస్తువుల దుకాణాల్లో కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది. తయారీదారు చెప్పినంత సేపే దాన్ని వేడినీటిలో ఉంచాలి. తరవాత పై పళ్లకు అమర్చి, బయటినుంచి వేళ్లతో, లోపలినుంచి నాలుకతో అదిమి, చల్లని నీటిలో గట్టిపడనివ్వాలి. ఈ దశలో మరీ గట్టిగా కొరికితే నమలే భాగంలో పొర పలచబడి, రక్షణ తగ్గిపోతుంది. పిల్లలకు దీన్ని పెద్దలే దగ్గరుండి అమర్చాలి.

మూడవది దంతవైద్యుడు కొలత తీసి చేయించేది. ముందుగా పళ్ల అచ్చు తీసి, దాని ఆధారంగా నమూనా తయారు చేస్తారు. వేడిచేసిన ప్లాస్టిక్ రేకును ఆ నమూనాపై పీడనంతో అతికిస్తారు. ఎక్కడ ఎంత మందం ఉండాలో వైద్యుడే నిర్ణయించగలడు. పళ్ల ముందు భాగంలో కనీసం 3 మిల్లీమీటర్ల మందం ఉండాలన్నది సాధారణ సూచన. ఖర్చు ఎక్కువే అయినా సౌకర్యం, రక్షణ రెండింటిలోనూ ఇదే మేలైనది. పళ్లకు తీగల చికిత్స చేయించుకుంటున్నవారు దంతవైద్యుని సలహా లేకుండా మౌత్‌గార్డు కొనుక్కోకపోవడం మంచిది. పళ్లు కదులుతున్న దశలో బిగుతైన కవచం ఆ కదలికకు అడ్డుపడవచ్చు. అలాగని కవచం లేకుండా ఆడితే, తీగలు గుచ్చుకుని పెదవుల లోపలి భాగం చిరిగే ప్రమాదం ఉంది.

నోరు తెరిచినా పై పళ్లను పట్టుకుని నిలవాలి. మాట, శ్వాస సాగాలి. ఈ రెండూ లేని కవచాన్ని పిల్లలు నాలుగు రోజులు వాడి సంచిలో పడేస్తారు.

ఆధారాలు, పరిమితులు

మౌత్‌గార్డు ప్రయోజనంపై దశాబ్దాలుగా పరిశోధనలు జరిగాయి. వాటిని క్రోడీకరించి 2007లో వెలువడిన ఒక సమగ్ర సమీక్ష ప్రకారం, ధరించినవారితో పోలిస్తే ధరించనివారికి నోటి, ముఖ గాయాల ముప్పు 1.6 నుంచి 1.9 రెట్లు ఎక్కువ. అంటే మౌత్‌గార్డు గాయాలను పూర్తిగా తొలగించదు, గణనీయంగా తగ్గిస్తుంది.

తలకు తగిలే దెబ్బల వల్ల మెదడుకు కలిగే కుదుపును కూడా ఇది నివారిస్తుందన్న ప్రచారం ఉంది. ఆ విషయంలో తిరుగులేని నిర్ధారణ లేదు. కవచం ఉంది కదా అని తలకు తగిలిన దెబ్బను తేలికగా తీసుకోరాదు. ప్రపంచ రగ్బీ సమాఖ్య 2024 నుంచి అగ్రశ్రేణి పోటీల్లో ఎలక్ట్రానిక్ సెన్సర్లు అమర్చిన మౌత్‌గార్డులను ప్రవేశపెట్టింది. తల ఎంత వేగంగా కుదుపునకు లోనైందో అవి కొలిచి, మైదానంలోని వైద్యునికి తెలుపుతాయి. అక్కడ కూడా కవచం కుదుపును కొలుస్తుంది, నిర్ణయం తీసుకునేది వైద్యుడే.

పన్ను ఊడిన వెంటనే

ఎంత జాగ్రత్తగా ఉన్నా ప్రమాదం జరగవచ్చు. శాశ్వత దంతం వేరుతో సహా ఊడిపోతే ఆ తరవాతి నిమిషాలే దాని భవితవ్యాన్ని నిర్ణయిస్తాయి. వేరు చుట్టూ ఒక సన్నని స్నాయువు ఉంటుంది. దాని కణాలు బతికి ఉంటేనే పన్ను తిరిగి దవడలో నిలదొక్కుకోగలదు. పొడిగా వదిలేస్తే గంటలోపే ఆ కణాల్లో దాదాపు అన్నీ నశిస్తాయి. అందుకే దంతవైద్యులు నిమిషాలు లెక్కపెడతారు.

ఊడిన పన్నును తెల్లగా కనిపించే పై భాగం వద్ద పట్టుకోవాలి. వేరును తాకకూడదు, రుద్దకూడదు. మట్టి అంటుకుని ఉంటే పాలతో గానీ, సెలైన్‌తో గానీ కొద్ది క్షణాలు మాత్రమే కడగాలి. గాయపడిన వ్యక్తి స్పృహలో ఉండి సహకరించగలిగితే, పన్నును దాని స్థానంలోనే మెల్లగా అమర్చి, శుభ్రమైన గుడ్డ మడతను పళ్ల మధ్య ఉంచి కొరికి పట్టుకోమనాలి. అది సాధ్యం కాకపోతే పన్నును పాలలో ఉంచి దంతవైద్యుని వద్దకు పరుగెత్తాలి. పాలు దొరకనప్పుడు గాయపడినవారి లాలాజలంలోనే ఉంచవచ్చు. మంచినీటిలో నానబెట్టడం సరికాదు. కాగితంలో, చేతిరుమాలులో చుట్టి జేబులో వేసుకోవడం అన్నిటికంటే హానికరం.

దీవుల్లో కొబ్బరికాయకు కొదవలేదు. ఊడిన పన్నును భద్రపరచడానికి కొబ్బరినీరు పనికివస్తుందా అన్న అంశంపై భారతీయ పరిశోధకులు ప్రయోగాలు చేశారు. ఫలితాలు అన్ని అధ్యయనాల్లో ఒకే విధంగా లేవు. అందుచేత పాలు అందుబాటులో ఉన్నంతవరకు పాలనే ఎంచుకోవాలి. పాలపన్ను ఊడితే మాత్రం తిరిగి అమర్చే ప్రయత్నం చేయరాదు. దాని కింద ఎదుగుతున్న శాశ్వత దంతం దెబ్బతింటుంది.

దీవుల్లో దూరం, గడువు

ఈ గంట గడువును అండమాన్ భూగోళంతో కలిపి చూస్తే మౌత్‌గార్డు విలువ మరింత స్పష్టమవుతుంది. లంబాలైన్ నుంచి దీవుల ప్రధాన వైద్యాలయమైన గోవింద్ వల్లభ్ పంత్ ఆసుపత్రి కొద్ది కిలోమీటర్ల దూరమే. ఇక్కడి పిల్లవాడి పన్ను ఊడితే, పెద్దలకు ఏం చేయాలో తెలిసి ఉంటే, సకాలంలో చేరుకోవచ్చు. స్వరాజ్ ద్వీప్ నుంచి అయితే ప్రభుత్వ ఫెర్రీలో రెండు గంటలకు పైగా ప్రయాణం. ఫెర్రీ బయలుదేరే వేళ కోసం వేచి ఉండడం దీనికి అదనం. ఉత్తరాన దిగ్లీపుర్ నుంచి రోడ్డు ప్రయాణానికి పగలంతా పడుతుంది. దక్షిణాన కాంప్‌బెల్ బే వంటి చోట్ల నుంచి ఓడ ప్రయాణాన్ని గంటల్లో కాక రోజుల్లో లెక్కించాలి. వాతావరణం అనుకూలించకపోతే ఓడ కదలదు.

ప్రథమ చికిత్స తెలిసి, పన్నును వెంటనే దాని స్థానంలో అమర్చగలిగితే, దూర ద్వీపంలోనైనా ఆశ మిగులుతుంది. స్థానిక ఆరోగ్య కేంద్రం సాయంతో ఆ తరవాతి చికిత్సకు వ్యవధి దొరుకుతుంది. ఆ అవగాహన లేనిచోట వైద్యుడు ఎంత నిపుణుడైనా పన్ను తన వద్దకు చేరేసరికి చేయగలిగింది పరిమితం. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు కాకుండా ఉండాలంటే, నివారణే ఇక్కడ మొదటి వైద్యం. ఇది అండమాన్‌కే పరిమితమైన విషయమూ కాదు. ఉత్తరాంధ్ర మన్యంలోనో, ఆదిలాబాద్ అడవుల్లోనో కొండదారి దిగి పట్టణం చేరాల్సిన గూడెం పిల్లలకూ గడువు అంతే.

శుభ్రత, మార్పు

నోటిలో పెట్టుకునే వస్తువు కాబట్టి శుభ్రత ముఖ్యం. ధరించే ముందు, తీసిన తరవాత చల్లని నీటితో కడగాలి. బ్రష్‌తో, తేలికపాటి సబ్బునీటితో తోమి, గాలి ఆడే రంధ్రాలున్న పెట్టెలో ఆరనివ్వాలి. తేమ ఎక్కువగా ఉండే దీవుల్లో తడి కవచాన్ని మూసిన సంచిలో వదిలేస్తే సూక్ష్మజీవులు త్వరగా పెరుగుతాయి. ఎండలో, వాహనం లోపల ఉంచితే వేడికి ఆకృతి కోల్పోతుంది. ఒకరిది మరొకరు వాడటం ఎంతమాత్రం తగదు.

చిరిగినా, పలచబడినా, వదులైనా మార్చవలసిందే. పిల్లలకు పాలపళ్లు రాలి కొత్త పళ్లు వస్తుంటాయి, దవడ పెరుగుతుంటుంది. కనుక నిరుడు సరిపోయిన కవచం ఈ ఏడాది సరిపోకపోవచ్చు. ప్రతి ఆటల కాలం మొదట్లో ఒకసారి సరిచూసుకోవడం మంచి అలవాటు.

బడిలో వ్యాయామ ఉపాధ్యాయులు దీనికి పెద్ద ఏర్పాట్లేమీ చేయనక్కరలేదు. ఆటకు ముందు బూట్ల లేసులు చూసినట్టే నోటిలోని కవచాన్నీ చూడటం, ప్రథమ చికిత్స పెట్టెలో సెలైన్ సీసా ఒకటి ఉంచడం, దగ్గరలో పాలు ఎక్కడ దొరుకుతాయో ముందే తెలుసుకోవడం చాలు. కొన్ని వందల రూపాయల వస్తువు, కొద్ది నిమిషాల అవగాహన కలిస్తే, పొద్దు వాలే వేళ మైదానం నుంచి పరుగున ఇల్లు చేరే పిల్లల పళ్లు క్షేమంగా ఉంటాయి.